పెనం మీది ఉప్పు

ఆగు నర్సు పాపా, ఆ సూది ఆడనే పెట్టు. మా అమల మూత్రం పరీక్షకిచ్చి వచ్చేలోపల నాకొక సంగతి సెప్పు. నొప్పొచ్చినప్పుడు నెత్తురు తీస్తిరి, సరే. నొప్పే లేని బిడ్డకు ఇన్ని ట్యూబులెందుకు? యాడికి పోతాది ఇదంతా? నవ్వొద్దు నవీనా, కడుపు మండి అడగతాండా.

సికిల్ సెల్ అని మీరే సెప్పినారు. నెత్తుట్లో కణాలు కొడవలి మాదిరి వంగిపోయి యాడంటే ఆడ ఇరుక్కుంటాయి, అందుకే ఒళ్లంతా నొప్పులని. నమ్మినా. ఇప్పుడేమంటివి? కిడ్నీలకు ముప్పొస్తే నెత్తురు ముందే సెప్తాదా? అదేమన్నా సోదెమ్మా, ముందే సెప్పేదానికి?

పోయిన గంగజాతర నుంచి నా బిడ్డకు నొప్పనేదే లేదు. "ఏం లేదు మా" అని నవ్వతా కాలేజీకి పోతాండాది. గంగమ్మ సల్లగా సూసిందని పొంగళ్లు పెట్టి, వడమాలపేటలో మా వీధికంతా పంచినా. నువ్వేమో నెత్తుట్లో గుర్తులు బాగలేవంటావు! ఇంకెవరి ట్యూబన్నా కలిసిపోయిందేమో సూసుకున్నారా? మళ్లీ తీసి సూసినారా? అప్పుడూ అంతేనా?

అయితే మా ఇంట్లోనే ఎవరో ఏదో సేస్తాండారు. నాకు అప్పుడే అనుమానం. మా ఆడబిడ్డ చంద్రకాంతమ్మ వచ్చినప్పట్నుంచి, పొద్దున లేసి సూస్తే దోసె పెనానికి ఉప్పు అంటుకోని ఉంటాది. పెనం మీద ఉప్పుకేం పని? నా బిడ్డకు సేతబడి సేస్తాందని వీధిలో నిలబెట్టి తిట్టినా. "నేను కాదొదినా" అని ఏడ్సింది. నమ్మితే కదా!

ఏమంటివి? రేత్రిపూట ఉప్పు వేడి సేసి, గుడ్డలో మూట కట్టి... మోకాళ్లకు కాపడమా?

ఎవరు సెప్పినారు నీకు? అమలేనా? ఇంతకుముందే, ఈ కుర్చీలో కూర్చోనేనా? కన్నతల్లినైన నాతో సెప్పకుండా నీతో సెప్పిందా?

ఎందుకంట? "అమ్మ పొంగళ్లు పెట్టి వీధికంతా సెప్పేసింది, ఇంక నొప్పని ఎట్లా సెప్పేదక్కా" అనిందా?

అయ్యో నా తల్లీ. అంత నొప్పి పెట్టుకోని నా ముందర నవ్వతా తిరిగిందా?

మీ ట్యూబుల్ని అనుమానించినా, మిమ్మల్ని అనుమానించినా, పాపం ఆ చంద్రకాంతమ్మను రచ్చకీడ్చినా. ఆ బిడ్డ నవ్వునొక్కదాన్నే నమ్మినా పాపా.

అదిగో, వస్తాండాది. సూడు, మళ్లీ నవ్వతాండాది.

తీసుకో. ఎన్ని ట్యూబులు కావాలో అన్నీ తీసుకో. నెత్తురన్నా నా మనసు నొస్తాదని అబద్ధం సెప్పదు.