అబూ హమద్ శుక్రవారాలు

"మస్తాన్ తాతగారూ, నిన్న పెళ్లిలో ఆ పాత తుపాకీ పైకి ఎగరెయ్యగానే మీరు లేచి వెళ్లిపోయారేంటండీ? ఒంట్లో బాలేదా?"

ఒంట్లో బాగానే ఉండాది సునీతమ్మా. నర్సువి గదా, ఎవురు లేచి నిలబడినా నీకు బీపీనే కనిపిస్తాది. కూర్చో. ఫోన్లో రికార్డు చేసుకుంటావా, చేసుకో, నాకేం. మీ కోస్తావాళ్ల మాదిరి అండీ అండీ అని చెప్పడం నాకు రాదు, మా ప్రొద్దుటూరు మాటే వస్తాది. అర్థం కాకపోతే అడుగు.

ఆ తుపాకీ అబూ హమద్‌ది. అబూ హమద్ అంటే హమద్ వాళ్ల నాయన. ఈడ పెద్దకొడుకు పేరు పెట్టే గదా నాయనను పిలిచేది. నిన్న దాన్ని ఎగరేసినోడు హమదే. పెళ్లికొడుకు వాని కొడుకు. చిన్నప్పుడు నా షాపులో ఇనపరజను తొక్కి కాలు కోసుకున్యాడు వాడు... ల్యా ల్యా, వాడు కాదు, వాని తమ్ముడు. సరే, ఎవడో ఒకడు.

నేను ఈ అరబ్బు ఊరు రుస్తాఖ్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తాంటి గదా. ఖర్జూరం తోటల మోటార్లకు షాఫ్టులు, ట్రాక్టర్లకు పిన్నులు, అదీ పని. శుక్రవారం సెలవు. రూమ్‌లో పిల్లోళ్లంతా బట్టలుతుక్కొని, ఇంత కూర వండుకొని పండుకుంటాంటిరి. నాకు పగలు నిద్ర రాదు. తాళంచెవి నా కాడే ఉంటాండె, నమాజు అయినాక షాపులోకి పోయి ఊరికే కూర్చుంటాంటి. మా ఇంటామె మహబూబీకి ఫోన్ చేస్తే, "ఇంటికి రమ్మంటే రావు, సెలవునాడు కూడా ఆ మిషన్‌తోనే కాపురం చేస్తావా" అని తిడతాండె. అప్పట్లో ఫోన్ కార్డు కొని మాట్లాడల్ల, సగం కార్డు తిట్లకే అయిపోతాండె.

ఆ మాదిరి ఒక శుక్రవారం వచ్చినాడు అబూ హమద్. ఒక చేతిలో ఈళ్ల కాఫీ, గావా ఫ్లాస్కు, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన తుపాకీ. నీళ్ల ట్యాంకరు తోలి రిటైర్ అయిన మనిషి. పాత తుపాకులంటే పిచ్చి. కాల్చేదానికి కాదు తల్లీ, నువ్వు అట్ల చూడాకు. పోలీసోళ్ల కాయితం ఉండాది దానికి. నిన్న చూస్తివి గదా, మొగోళ్లు వరస కట్టి, పాడతా, ఎగరేసి పట్టుకుంటారు, దానికి. వాళ్ల తాత తుపాకీ అది. కింద లివర్ ఉంటాది, లాగితే నోరు తెరుస్తాది, పైకి మూస్తే టక్ అంటాది. ఆ లివర్ పట్టుకొనే స్క్రూ అరిగిపోయి, లివర్ జారి ఏలాడతాండె. అట్ల ఎగరేస్తే పట్టుకునేటప్పుడు ఏలు ఇరుగుతాది. అప్పటికి హమద్‌కే పెళ్లి కాల్యా, రంజాన్ అయినాక వాని పెళ్లి. ఆ పెళ్లిలో ఆయప్ప ఈ తుపాకీ పట్టుకొని వరసలో నిలబడల్ల. అదీ ఆయన కోరిక.

"పెట్టిపో, సాయంత్రం అసర్ నమాజు లోపల చేసి పెడతా" అంటి. "లా, లా" అన్యాడు. కాదు కాదని. "మా తాత దీన్ని సొంత చేత్తో బాగు చేసుకునె. మా నాయనా అంతే. ఇంకొకరు చేసింది పట్టుకొని నేను ఎట్ల ఆడేది? నువ్వు నేర్పించు, నేనే చేస్తా." ఇనపముక్క ఎన్నడూ కోసిన మనిషి కాదు. చెప్తే ఇనడు. మొండోడు. నేనూ మొండోన్నే, అందుకే కుదిరింది మాకు.

మొదటిది ఏం చేసినాడో తెలుసా? పాత స్క్రూను పెట్టుకొని, దాని కొలత దానికి అచ్చంగా దింపినాడు. అరిగిపోయిన స్క్రూ అది! అరుగు కూడా కొలతేసి దింపినాడు. బిగిస్తే ఏమైతాది, పాతది ఎట్ల ఊగుతాండెనో కొత్తదీ అట్లే ఊగె. నేను కడుపు పట్టుకొని నవ్వితి. ఆయనకు కోపమొచ్చి రెండు వారాలు రాల్యా. రెండు శుక్రవారాలు నేను గేటు పక్కే చూస్తాంటి, ఏం చెప్పాల.

మళ్లా వచ్చినాడు. ఈసారి స్క్రూ చుట్టూ ఉండే మరల కాడ చిక్కు. తుపాకీ ఇంగ్లీషోళ్లది, ఇంచుల కొలత, మా మిషన్ మిల్లీమీటర్లది. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటాది, ముందుకు పోదు. షాపులో మూలన పడేసిన పాత పళ్లచక్రాలన్నీ ఏరి, మార్చి మార్చి పెట్టి, ఎట్లో కుదిర్చితిమి. కుదిరితే, స్క్రూ సన్నంది గదా, టూలు ఆనిస్తే అది పక్కకు వంగిపోతాది, ఒక కొన లావు, ఒక కొన సన్నం. అదీ అయింది అనుకో, ఎర్రగా కాల్చి నూనెలో ముంచితిమి గట్టిపడల్లని. బిస్కెట్టు మాదిరి పుటుక్కున ఇరిగిపాయ. ఇంకోటి మెత్తగా ఇడిస్తే స్క్రూడ్రైవర్ పెట్టంగానే తల గాడి పిప్పిపిప్పి అయిపాయ. నేను చేస్తే ఒక పూట పని తల్లీ. నా చేతులు దురద పెడతాండె, ఈన్ని పక్కకు నెట్టి నేనే తిప్పుదామా అని. వెనకాల చేతులు కట్టుకొని నిలబడుకుంటాంటి. ఆయనేమో "శువయ్య శువయ్య" అని మిషన్‌కు చెప్తాండె, నిదానం నిదానం అని, ఒంటెను బుజ్జగించినట్ల.

రంజాన్ వచ్చింది. ఉపాసం, ఎండ. ఆయన చేతులు వణకబట్టె. వయసు వణుకు అనుకుంటి, అదేందో రోగమని హమద్ నాకు చాటుగా చెప్పినాడు. చివరి శుక్రవారం హ్యాండిల్ పట్టుకున్యాడు, ఏలు నిలబడదు. పోయి ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టినా. నన్ను చూసినాడు. తీసెయ్యమనల్యా. ఇద్దరం కలిసి తిప్పితిమి, రజను సన్నగా తెగతా వచ్చె. బిగించి లివర్ మూసినాడు. టక్ అనె. నా పక్క తిరిగి చూసినాడు, ఎట్లుంది అని. తల ఊపితి. అంతే, ఆ ముసలోడు ఏడ్చినాడమ్మా. నేనూ.

పెళ్లిలో వరసలో నిలబడి ఎగరేసినాడు. వణికే చేతుల్తోనే పట్టుకున్యాడు! అంతమందిలోనూ టక్‌మని మూసి, నన్ను ఎతుక్కొని చూసినాడు. నేను తల ఊపితి. అంతటితో అయిపోల్యా, తర్వాత కూడా ప్రతి శుక్రవారం వస్తాండె. పని ఏం ల్యా. గావా తాగి, లివర్ లాగి, మూసి, నా పక్క చూసేది. నేను తల ఊపేది. ఎన్నేళ్లో అట్లే.

కరోనా అప్పుడు నేను ప్రొద్దుటూరులో ఇరుక్కుపోతి. విమానాలు ల్యా. హమద్ ఫోన్ చేసి చెప్పినాడు, నాయన పోయినాడని. పిడికెడు మట్టి ఎయ్యల్యాకపోతి. మళ్లా వచ్చినాక మొదటి శుక్రవారం అలవాటుకొద్దీ షాపు తెరిచి కూర్చుంటి. అంత పెద్ద షాపు, ఒక్కన్ని. నాకు మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఒంటరితనం కాల్యా, ఇది మా మహబూబీకి చెప్పాకు.

నిన్న ఏమైందంటే... హమద్ ఎగరేసినాడు, పట్టుకున్యాడు, లివర్ మూసినాడు. టక్ అనె. నా తల దానంతట అదే ఊగిందమ్మా. అంత జనంలో తల ఊపుతా కూర్చుంటి. నా పక్క తిరిగి చూసేవాడు ఎవురూ ల్యా. అందుకే లేచి వచ్చేస్తి.

ఏం, నువ్వు కండ్లు తుడుసుకుంటాండావు? పో పో, డ్యూటీకి టైమైతాంది. పరాయి దేశంలో ఉండావు, దేవుడు నీకు మంచి తోడు ఇయ్యల్ల. చల్లగా ఉండు తల్లీ. ఖర్జూరాలు రెండు నోట్లో ఏసుకొని పో, ఎండ...