లింబాద్రి పెండ్లికోటు

తెల్లారితే లింబాద్రి తమ్ముని కొడుకు రాకేష్ పెండ్లి. మార్కెట్ యార్డు ఎదురుంగున్న వెంకవ్వ చాయ్ హోటల్ల ఆయన పక్కన కూసున్న పెండ్లి పిలగాని మొకం మాత్రం మాడిపోయి ఉంది. ఫోన్ల ఆర్డర్ పెట్టిన సూటు గప్పుడే వచ్చింది. ఏసి చూసుకుంటే దాని చేతులు వేళ్లు దాటి యేలాడుతున్నయి. మార్చుకునే టైము లేదు.

"నేను పెండ్లిపీట మీద కూసోను పెద్దబాపూ. అందరు నవ్వుతరు" అన్నడు రాకేష్.

లింబాద్రికి పానం చివుక్కుమన్నది. గీ పిలగాన్ని నవ్వియ్యకపోతె తనకింత నోరుండి ఏం ఫాయిదా అనుకున్నడు.

"గింతేనారా! నా పెండ్లికోటు ముంగట గిదేం పెద్దగుంది? అప్పుడు ఫోన్లు యాడివి? ఢిల్లీకెళ్లి రంగుల పుస్తకం పోస్టుల వస్తుండె. అండ్ల బొమ్మ చూసి, నంబరు కార్డు మీద రాసి పంపితే బట్టలు పార్సిల్ల దిగుతుండె. పోస్టాఫీసుల పైసలు కట్టి ఇడిపించుకునుడే. నేనేం జేసిన? మస్తు తెలివిగల్లోన్ని గదా, కొలతలు మూరలల్ల రాసిన. ఆళ్లు గజాలనుకున్నరు."

"నీ తెలివి మాకెర్కలేదా" అన్నడు యార్డుల పసుపు బస్తాలు మోసే భోజన్న, చాయ్ ఊదుకుంట.

"ఇనవయ్యా! పోస్టుమ్యాన్ సైకిల్ మీద తెస్తడనుకుంటె ఎడ్లబండి మీద తెచ్చిండు. ఏసుకున్న. జొచ్చిన గని బయటికెళ్లే తొవ్వ దొర్కలే. లోపల్నే పొద్దుగూకింది. మా బాపు బయట నిలవడి 'ఓ లింబాద్రీ, యాడున్నవురా' అంటె, 'రెండో గుండీ కాడ ఉన్ననే' అని నేను లోపట్నుంచి ఒర్రుతున్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"జేబుల కోడి జొచ్చి గుడ్లు పెట్టిందా?" అన్నది గీ కత ఎన్నోసార్లు ఇన్న వెంకవ్వ.

"పెట్టుడేంది, పొదిగి పిల్లల్ని గూడ చేసింది! సగం గుడ్లు నేనే తిన్న, లేకుంటె ఆకలికి సస్తుంటి."

రాకేష్ మూతి జర కదిలింది. గది చూసి లింబాద్రికి ఊపొచ్చింది.

"గప్పుడే గాలివాన! యార్డుల పసుపు ఆరబోసుంది. రైతులు లబోదిబోమంటున్నరు. ఎట్లనో బయటవడి కోటు ఇప్పి కప్పిన. ఒక్క కొమ్ము తడిస్తె ఒట్టు! అయినా ఒక చెయ్యి మిగిలి రోడ్డు మీద పడ్డది. భీమ్‌గల్ బస్సోడు సొరంగమనుకోని అండ్ల జొచ్చిండు. కాలర్ కాడ బయటికొచ్చేటాల్లకు కమ్మర్‌పల్లి దాటిండు! కండక్టర్ దిగి నన్నే తిట్టిండు, నీ కోటుల స్టేజీలు ఎన్నున్నయో ముందుగాల చెప్పొద్దారా, టికెట్లు ఎట్ల కొట్టాలె అని!"

రాకేష్ ఫక్కున నవ్విండు.

గప్పుడే లింబాద్రి భార్య మంగవ్వ ఆళ్లను ఇంటికి పిలువొచ్చింది. "ఏ కోటు? మన పెండ్లికోటేనా?" అన్నది.

లింబాద్రి చాయ్ గ్లాసు కింద పెట్టిండు. "నువ్వెందుకొచ్చినవే గిప్పుడు?"

"నువ్వూకో. ఇను రాకేషూ. గీయనకు ఆ పుస్తకంల పిల్లల బట్టలేవో పెద్దోళ్లవేవో తెల్వలే. అగ్గువ ధరది చూసి నంబరు రాసిండు. బడి పిలగాని కోటొచ్చింది. చేతులు మోచేతుల కాడికే. గుండీ పెట్టుకుంటె ఊపిరాడలే. గదే ఏసుకోని నా మెడల పుస్తె కట్టిండు."

"మరి నువ్వేమన్నవు పెద్దమ్మా?"

"ఏమంట? నవ్వాగక తలకాయ దించుకున్న. భుజాలు ఊగుతుండె. కొత్త పెండ్లిపిల్ల, సిగ్గుపడుతున్నదనుకున్నరు అందరు."

హోటలంత ఒకటే నవ్వులు. రాకేష్ కండ్లు తుడుసుకుంట సూటు చేతులు లోపలికి మడుసుకున్నడు. "నేను గిదే ఏసుకుంట. నా పిల్ల గూడ నవ్వనీ" అన్నడు.

లింబాద్రి ఒక్కడే నవ్వలే. ఇన్నేండ్ల సంది ఎన్ని కోతలు కోసినా, పెండ్లినాడు పెండ్లాం తలకాయ దించుకున్న గా ఒక్క ముచ్చట మాత్రం నిజమని నమ్మి పండుకునేటోడు. మంగవ్వ దిక్కు చూసి, మెల్లగ అడిగిండు.

"అయితె గది సిగ్గు గాదానే?"