ఆంజనేయులు గారి పాముచెవులు

ఆంజనేయులు గారి కోతలు వినాలంటే ఆయనకు ఎదురుగా కూర్చోవాలి. పక్కన కూర్చుంటే ఒప్పుకోరు, వెనక నిలబడితే అసలు లెక్కలోకే తీసుకోరు. ఖాజాగూడ బండల పక్కన ఎల్లేశం చాయ్ బండి దగ్గరున్న ఒకే ఒక్క బెంచీని తనవైపు తిప్పించుకుని, తను స్టూలు మీద కూర్చుని, "ఇలా రండి, నా మొహం చూడండి, కథ మొహంలో ఉంటుంది" అనేవారు. పెద్దాయన సరదా అనుకుని మేమూ అలాగే కూర్చునేవాళ్లం.

పూర్తి పేరు సీతారామాంజనేయులు. రోడ్డుకు అవతలున్న ఐటీ టవర్‌లో ఆయన షిఫ్టు ఇంజనీరు. నేను ఎలక్ట్రీషియన్ని, పేరు కిరణ్ పాల్. పైన అద్దాల గదుల్లో కూర్చునేవాళ్లకు మా మొహాలు తెలియవు. చల్లగాలో నీళ్లో ఆగినప్పుడు మాత్రం మేం గుర్తొస్తాం.

ఆ రోజు మాత్రం ఎవరికీ సరదాగా లేదు. కాసేపట్లో ఆఫీసులో విచారణ. వారం కిందట మూడో బేస్‌మెంట్‌లో, టవర్ మురుగునీళ్లన్నీ చేరే ట్యాంకు గదిలోకి ఆపరేటర్ ఇశ్రాయేలు పంపు బాగుచేయడానికి దిగి, విషవాయువు పీల్చి పడిపోయాడు. ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. గొంతులో గొట్టం, మాట లేదు. ఆ గదిలో గ్యాస్ అలారం ఉంది. పక్క గదిలో ఆంజనేయులు గారొక్కరే ఉన్నారు. అలారం మోగలేదని ఆయన చెప్పారు. మోగలేదంటే ఇశ్రాయేలే ముందు దాని స్విచ్ ఆపి లోపలికి దిగాడన్నమాట. మోత భరించలేక అలారాలు ఆపేసేవాళ్లు మా పనిలో లేకపోలేదు, అందుకే నాతో సహా అందరం నమ్మేశాం. పైన అదే ఖాయం చేస్తే తప్పంతా ఇశ్రాయేలుది. ఉద్యోగం పోతుంది, దవాఖాన ఖర్చూ ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది.

ఇశ్రాయేలు భార్య సారమ్మ అదే టవర్‌లో ఊడ్చే పని చేస్తుంది. ఆమెనూ విచారణకు పిలిచారు. చాయ్ వద్దని, ఆంజనేయులు గారి వెనక కొంగు భుజం చుట్టూ లాక్కుని నిలబడింది. అలారం పెట్టెను గోడనుంచి ఊడదీసి పైకి పట్టుకురమ్మని నాకు చెప్పారు. లోపలి బ్యాటరీతో పెట్టె బాగానే పనిచేస్తోంది. ఆ రోజు మోగిందా లేదా అన్నదే ప్రశ్న. పెట్టె ఉన్న నా సంచి సారమ్మే పట్టుకుంది.

ఎల్లేశం గ్లాసు అందిస్తూ, "నిజంగనే మోగలేదా సార్?" అన్నాడు. ఆయనకు ఆ మాత్రం చాలు.

"మోగితే నాకు వినపడదా ఎల్లేశం? నావి పాముచెవులు. వీటి సంగతి నీకు తెలీదు, చెబుతాను విను. పటాన్‌చెరులో ఫోర్జింగ్ ఫ్యాక్టరీ అండి, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మని హ్యామర్ కింద పెట్టి ఇంజన్లకి క్రాంకు షాఫ్టులు కొట్టే చోటు. హ్యామరంటే మీ ఇంట్లో సుత్తి కాదు, లారీ అంత ఉంటుంది, అది పడితే కాళ్లకింద నేల లేచి కూర్చుంటుంది. తణుకు నుంచి డిప్లొమా కాయితం పట్టుకుని వచ్చి అందులో చేరాను. చేరిన కొత్తలోనే ఓ మోటారు మూలుగుతోంది. మీటర్లు పెట్టి చూసినవాళ్లు అంతా బాగానే ఉందన్నారు. నేనేం చేశానంటే, స్క్రూడ్రైవర్ మొన మోటారుకి ఆనించి, పిడి ఇదిగో ఈ చెవి వెనక ఎముకకి ఆనించాను. లోపల బేరింగులో ఒక్క గోళీ పగిలిందన్నాను. విప్పి చూస్తే ఒక్కటే అండి."

ఇంతవరకూ నిజమే అయివుంటుంది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి మిషన్ రోగం పట్టడం మా పనిలో అందరికీ తెలిసిన విద్యే. నేను తల ఊపాను. ఊపకుండా ఉండాల్సింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? హ్యామర్ల మోతకి చెవులు పోతాయని మేనేజరు ఇయర్ ప్లగ్గులు పంచాడు, పసుప్పచ్చ స్పాంజివి. అందరూ పెట్టుకున్నారు, నేను పెట్టుకోలేదు. చెవులు మూసుకున్న ఇంజనీరూ కళ్లు మూసుకున్న డ్రైవరూ ఒకటే కదండీ. మిషన్ ఏం చెబుతోందో వినాలా వద్దా? ముప్పయ్యేళ్ల పాటు ఆ షెడ్డులో నిలబడ్డాను, చెవిలో దూది కూడా పెట్టలేదు. ఎండాకాలం ఫర్నెస్ ముందు చొక్కా మీద ఉప్పు అట్టకట్టేది. నెలాఖరుకి లెక్క తగ్గితే మేనేజరు బూతులు తిడతాడు, లెక్కకోసం తొందరపెడితే ఎవడిదో ఒకడి వేలు పోతుంది. ఇంజనీరంటే ఏమనుకున్నారు, పైవాడి తిట్టూ కిందివాడి ఏడుపూ రెండూ వినేవాడు. మా వెంకట్ అని హ్యామర్ ఆపరేటర్, వాడి మూడు వేళ్లు దాని కిందే ఉండిపోయాయి."

"అది ముందుగాల ఇనవడలేదా సార్?" అన్నాడు ఎల్లేశం.

"వినపడింది. నేను అరిచేలోపే అయిపోయింది."

ఒక్క గుక్క చాయ్ తాగి, ఆ వేళ్లను వెనక వదిలెయ్యడానికన్నట్టు గొంతు పెంచారు. కోతలరాయుళ్లు భయపడేది అబద్ధానికి కాదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి.

"సరేనండి, ఓ రోజు క్యాంటీన్‌లో ఉప్మా తింటున్నాను. అవతల షెడ్డులో పన్నెండు హ్యామర్లు ఒకేసారి కొడుతున్నాయి. చెంచా పక్కనపెట్టి, ఏడోదానికి ఎడంవైపు బోల్టు వదులైంది, అరచుట్టు బిగించండి అన్నాను. వెళ్లి చూస్తే అరచుట్టే. పావు కాదు, ముప్పావు కాదు. ఆ తర్వాత గోపన్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నానా, ఓ పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫ్యాక్టరీలో మూడో ఫర్నెస్‌కి గాలి కొట్టే బ్లోయరు బెల్టు జారుతున్న చప్పుడు. గోపన్‌పల్లెక్కడ, పటాన్‌చెరెక్కడ. ఫోను చేసి ఆపమన్నాను. ఆపారో లేదో, బెల్టు తెగి వాళ్ల కాళ్ల దగ్గర పడింది."

"నోట్లె బ్రష్షు వెట్టుకొని ఫోన్‌ల ఎట్ల మాట్లాడిన్రు సార్?"

"బ్రష్షు తీశానయ్యా. ఇంత చెబితే నీకు బ్రష్షు మీద అనుమానమా? ఇది విని జపాను వాళ్లు ఊరుకుంటారా మరి. అక్కడ మిషన్ మొరాయిస్తే నాకు ఫోను చేసి, ఆ ఫోను మిషన్ పొట్టకి ఆనించేవారు. నేనిక్కడ ఇడ్లీ తింటూ రోగం చెప్పేవాణ్ణి. వాళ్ల మిషన్లు జపాను భాషలో మూలుగుతాయి, మొదట్లో కాస్త కష్టమైంది, తర్వాత వచ్చేసింది. ఇప్పుడు ఔటర్ రింగురోడ్డు మీద లారీ పోతోందనుకోండి. దాని క్రాంకు షాఫ్టు నా హ్యామర్ కింద పుట్టిందో కాదో కళ్లు మూసుకుని చెబుతాను. నాదైతే దాటిపోయేటప్పుడు ఒకసారి పలకరించి మరీ పోతుంది."

"మా చెవుల్ల పువ్వులు వెడుతున్నరు సార్" అని ఎల్లేశం నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే సారమ్మ మొహం చూసి సిగ్గుపడ్డాను. ఆమె ఆయన మెడవెనక భాగాన్నే చూస్తోంది. టవర్‌లో ఊడ్చే ఆడవాళ్లు వెనకనుంచి 'జర జరుగుండ్రి సార్' అని ఎన్నిసార్లన్నా ఈయన పలకరు. పెద్ద ఇంజనీరన్న పొగరని వాళ్లంతా చెప్పుకునేవాళ్లు.

"ఆ తర్వాత ఫ్యాక్టరీ మూసేశారు. హ్యామర్లు తుక్కుకింద పోయాయి, షెడ్డు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపారు. యాభై దాటిన ఇంజనీరుకి పనెవడిస్తాడండి? రెండేళ్లు ఖాళీగా కూర్చుని, ఆఖరికి ఈ బేస్‌మెంటుకి వచ్చాను. చేర్చుకునేముందు చెవి పరీక్ష పెట్టారు. హెడ్‌ఫోను తగిలించి, చప్పుడు వినపడ్డప్పుడు చెయ్యెత్తమన్నాడు డాక్టరు. ఎత్తుతున్నాను, దించుతున్నాను. ఇంకా మోగకుండానే ఎత్తుతున్నారేంటండీ అన్నాడు. రాబోయే చప్పుడు కూడా నాకు ముందే వినపడుతుందన్నాను. నోరెళ్లబెట్టి సంతకం పెట్టేశాడు. అదొక్కటేనా? మూసేసిన ఫ్యాక్టరీలో ఆ బ్లోయరుంది చూశారూ, అది ఇప్పటికీ నాకు వినపడుతూనే ఉంది. సన్నగా, కుయ్యిమని, పగలూ రాత్రీ, ఒక్క క్షణం ఆగదు. లేని మిషన్ కూడా వినపడుతోందంటే ఎలాంటి చెవో మీరే చెప్పండి."

ఎల్లేశం ఈసారి నవ్వలేదు. చాయ్ గిన్నెలో గరిటె ఊరికే తిప్పుతున్నాడు. నాకేదో తోచినట్టే తోచి జారిపోయింది.

"మరి ఇశ్రాయేలు సంగతి సార్?" అని నేనే అడిగాను.

"అక్కడికే వస్తున్నాను కిరణ్ బాబూ. ఆ రోజు నా గదిలో కూర్చున్నానా, గోడ అవతల ఇశ్రాయేలు గుండె లబ్‌డబ్ లబ్‌డబ్ అంటోంది. ఉన్నట్టుండి లబ్ ఉంది, డబ్ లేదు. అంతే, లేచాను. వాణ్ణి భుజానేసుకుని పైదాకా పరిగెత్తాను."

మోసుకొచ్చింది నిజం. ఇశ్రాయేలు పాక్కుంటూ ఈయన గది గుమ్మం దాకా వచ్చి పడ్డాడు, పడ్డవాణ్ణి చూసి ఈయన ఎత్తుకున్నారు. ర్యాంపు పైకి వచ్చేసరికి ఈయన పెదాలు నల్లబడి ఉండటం నేను కళ్లారా చూశాను. ఆ వయసులో అంత బరువు మోసిన మనిషికి ఇంకో గొప్ప ఎందుకో నాకు అర్థం కాదు. అక్కడితో ఆగితే సారమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టేది.

"గుండె వినపడ్డవాడికి అలారం వినపడదా అండి? నా చెవిన పడలేదంటే మోగలేదు. పైన కూడా ఇదే చెబుతాను. ఇశ్రాయేలు మంచోడే, నాకేం కోపం లేదు, కానీ చెవి అబద్ధమాడదు కదా. నమ్మకం లేకపోతే అదిగో, ఆ బండ చూడండి. మొన్న ఆదివారం దానికి చెవి ఆనించాను. లోపల చీమ నడుస్తోంది."

అప్పుడే సారమ్మ నా సంచి విప్పింది. పెట్టె బయటికి తీసి అటూ ఇటూ తిప్పింది. మొగుడు ఆపేశాడంటున్న ఆ మోత ఎలా ఉంటుందో విందామనుకుందో, ఇంకేం అనుకుందో తెలియదు. కింద ఉన్న టెస్ట్ బటన్ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది.

అది మామూలు మోత కాదు. సన్నగా, పళ్లు జివ్వుమనేలా ఉంటుంది. ఎల్లేశం ఉలిక్కిపడి చాయ్ ఒలకబోసుకున్నాడు. బండ నీడలో పడుకున్న కుక్క లేచి దూరంగా పోయింది. మెళ్లో ఐడీ కార్డులతో చాయ్‌కి వస్తున్న ఇద్దరమ్మాయిలు రోడ్డు మీదే ఆగి చెవులు మూసుకున్నారు.

"బండ లోపలండి, పైన కాదు. ఒకే ఒక్క చీమ. అడుగులు లెక్కపెట్టాను. టకటక, టకటక, టక్. ఒకటి తగ్గుతోంది. అంటే ఏంటన్నమాట? కుంటిచీమ. ఎడంవైపు మూడో కాలు. ఇంకాస్త చెవి పెడితే ఏదో గొణుగుతోంది కూడా. కాలు నొప్పని కాదు, ముందు పోయే చీమ తన కోసం ఆగలేదని."

పెట్టె మోగుతూనే ఉంది. సారమ్మ వేలు తియ్యలేదు. నేను లేచి ఆపమనాలి, లేదా ఆయన నోరు మూయించాలి. రెండూ చెయ్యలేకపోయాను. ఆయన కళ్లు నా పెదాల మీదే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆయన చూస్తున్నది నా మెప్పు కాదు, పెదాల మీది మాటలని అప్పుడు తెలిసింది.

"ఏంటలా చూస్తున్నారు? నమ్మట్లేదా?" అన్నారు. మా చూపులు ఎటున్నాయో గమనించి వెనక్కి తిరిగారు. సారమ్మ చేతిలో పెట్టె మీద ఎర్రలైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. దాన్ని చూశారు. చెవులు మూసుకున్న అమ్మాయిల్ని చూశారు. ఆయన మొహంలోంచి కథ మొత్తం దిగిపోయింది.

"ఎంతసేపైంది?" అని అడిగారు. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

సారమ్మ చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. పెదాలు కనపడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "చీమ కథ సురువైనప్పటి సంది మోగుతనే ఉంది, సార్."

ఆయన చెయ్యి చెవిదాకా వెళ్లబోయి మధ్యలో ఆగింది. సారమ్మ బటన్ మీదినుంచి వేలు తీసింది. మోత ఆగి రోడ్డు చప్పుళ్లు మళ్లీ వినపడ్డాయి. ఆయన మాత్రం లైటు పూర్తిగా ఆరేదాకా దానివైపే చూస్తూ ఉన్నారు. కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

ఆమె పెట్టెను సంచిలో పెట్టుకుని భుజానికి తగిలించుకుంది. రోడ్డవతల టవర్ వైపు ఒకసారి చూసి, మళ్లీ ఆయన మొహానికి ఎదురుగా తిరిగింది.

"టైమైతుంది, పోదాం పాండ్రి. పైన గూడ ఇదే కథ చెప్పుండ్రి సార్, చీమది. నేను మీ ఎన్కాల నిలవడ్త."