తవిటయ్య చావు కబురు

గాజువాక పక్కన ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు. ఆదివారం సాయంత్రం, రేకులింటి అరుగు మీద తవిటయ్య బీడీ కాలుస్తున్నాడు. పెళ్ళాం గౌరీశ్వరి బియ్యంలో రాళ్ళేరుతోంది.

"కుళాయి కాడ అందరూ అదే మాటని పక్కింటి చిలకమ్మ అంటంది. మీ ఆయన కల్లో సచ్చిపోనాడటగదా, పాడె మీద ఆకలేసిందటగదా అని. ఊరంతా సెప్పీసి నాకెందుకు దాసేవు?"

"నీకు సెప్తే ఏడుస్తావని."

"నానేడుస్తానా?"

"ఏడవ్వా?"

"ముందు కల సెప్పు."

"ఏటుంది సెప్పడానికి. సచ్చిపోనాను. ఫ్యాక్టరీ గేటు కాడ పాడె దించేరు. యూనియనాయన మైకు పుచ్చుకుని, తవిటయ్య ఏనాడూ డూటీకి ఆలిస్యంగా రానేదు అన్నాడు. సిగ్గుతో మల్లీ సచ్చిపోనాను."

"ఆ తర్వాత?"

"అంతలోకి బోయినాల సైరన్ కొట్టీసింది. మోసేవోళ్ళు నలుగురూ నన్నొగ్గీసి కేరేజీలు ఇప్పేరు. ఎండుసేపల ఇగురు వాసన. లేసి ఓ ముద్ద అడుగుదునా అంటే సచ్చినోణ్ణి, బాగోదు కదా."

"బతికుండగా ఆ మరియాద నేదు నీకు."

"అదే మరి. సచ్చేక వచ్చింది."

"తన సావు తనకి కల్లోకొస్తే ఆయుష్షు పెరుగుతాదని చిలకమ్మ అంటంది. కాదు, ఇంట్లో పెళ్ళవుతాదని కాశమ్మ అంటంది."

"పెళ్ళా? నాకు మల్లీనా? ఆ పాడే నయం."

"కల్లో నానున్నానా?"

"ఉన్నావు. ఏడుస్తనే అందరికీ టీలిచ్చేవు."

"మరి మీ అన్న?"

"ఆ బియ్యంలో రాళ్ళు సూడు."

"సూస్తన్నాను. మీ అన్న వచ్చేడా?"

"ఎండగా ఉంది కదా, కల్లో. భీమిలి నుంచి రావాలంటే దూరం."

"రానేదన్నమాట."

"బస్సు దొరకనేదేమో."

"కల్లోకి రాడానికి బస్సెందుకయ్యా. ఫ్యాక్టరీకి భూమి పోయినోళ్ళకి ఇంటికొక్క ఉద్యోగం అంటే అది నువ్వు తీసీసుకుని, అన్నని అత్తోరూరికి తోలీసినోడివి. ఆనాటి నుంచి నీతో మాటే నేదాయనకి. కల్లోకి రమ్మంటే వస్తాడా?"

"తోలనేదే. ఆయనే ఎల్లిపోనాడు. నాకు సంతకం వచ్చని నన్ను తీసుకున్నారు. అంత గొప్ప సంతకం ఎట్టుకుని సిమెంటు బస్తాలు మోస్తన్నాను, సూస్తన్నావు కదా."

"సర్లే. కలకి ఏదైనా శాంతి సేయిద్దారి."

"సేసీసినాను."

"ఏటి సేసేవు?"

"కాకి తలమీద తంతే ఏటి సేత్తారు?"

"సచ్చిపోనాడని సుట్టాలకి అబద్దం కబురెడతారు. వోళ్ళు ఏడిస్తే దోషం పోతాది. ఏడిసేక నిజం సెప్పీస్తారు. నిన్ను కాకి తన్నిందా?"

"నేదు."

"మరి?"

"కాకైతే ఏటి, కలైతే ఏటి. పొద్దుట నూకాలు సేపలమ్మీసి భీమిలి తిరిగెల్తంటే..."

"ఎవులికెట్టేవు కబురు?"

"సుట్టాలకి."

"ఏ సుట్టాలకి?"

"ఒక్కరికే."

"దోషం పోడానికా, ఆయన ఏడుస్తాడో నేదో సూడ్డానికా?"

"ఒక్క కబురుతో రెండూ అయిపోతాయని. ఏడిసేక అబద్దమని సెప్పీమన్నానే, ఒట్టు. ఎలా ఏడిసేడో కూడా సూసి రమ్మన్నాను. గట్టిగానా, కండవా అడ్డెట్టుకునా అని."

"నీ తెలివిని పాడె మీదెట్టా."

"అదీ కల్లో అయిపోనాది."

"ఉండు. ఆ వీధి మొగలో వస్తన్నది... మీ అన్నేనయ్యా. చలమయ్య బావే."

"ఎవరూ?"

"సెవుడా? భుజమ్మీద కొత్తగుడ్డ. తెల్లగుడ్డ. శవం మీద కప్పేది."

"నాను లోపలికెల్లిపోనా?"

"ఎల్లు. ఎల్లి పడుకో. సచ్చినోడివి కదా. రా బావా, కూకో. మంచినీళ్ళు తెత్తాను. ఈయనకేదో కలొచ్చింది, అందుకని... నూకాలు సెప్పనేదా?"

"ఏటి సెప్పాలి?"

"అబద్దమని. రెండో మాట."

"తవిటిగాడు సచ్చిపోనాడంది. ఆ తర్వాత ఏటో ఎనకాల అరుస్తనే ఉంది. నాను బస్సు కాడికి పరిగెత్తీసినాను."

"అన్నియ్యా."

"ఊ."

"కాళ్ళకి సెప్పుల్లేవేటి?"

"ఉండిపోనాయి."

"ఏడిసేవా?"

"అదా అయ్యా అడగడం?"

"అడగనీ గౌరీ. ఏడిసేను. బస్సులో అందరూ సూసేరు. మద్దిలపాలెం కాడ ఒకాయన లేసి సీటిచ్చీసినాడు."

"గట్టిగా ఏడిసేవన్నమాట. అయితే దోషం పోయినట్టే. ఇన్నాళ్ళ కోపం కూడా దాంతోపాటే పోయింది. ఇంక లోపలికి రా అన్నియ్యా. ఆ గుడ్డ ఇలా ఇయ్యి, చలికాలం కప్పుకుంటాను. సచ్చు కలైతేనేటి, కల్లో రానోడివి నిజంగా వచ్చేవు కదా. గౌరీ, అన్నియ్యకి కూడా బియ్యం పొయ్యి. ఏటి, అక్కడే నిలబడిపోనావు?"

"సచ్చినోడి కోసం వచ్చేన్రా తవిటీ. బతికున్నోడి గుమ్మం నాను తొక్కను."