గుడారంలో మిగిలిపోయిన యంత్రం: శ్రీమతి యెల్కా కొబాల్ గారి నలభై సంవత్సరాల సేవ

వెయ్యి తొమ్మిది వందల ఎనభై నాలుగు సెప్టెంబరు మూడవ తేదీ ఉదయం, త్సేల్యె పట్టణంలో మన సంస్థ నడుపుతున్న అత్యంత ప్రాచీనమైన దుకాణంలో, రొట్టెల అర పక్కనున్న బిల్లింగు కౌంటరు వెనుక శ్రీమతి యెల్కా కొబాల్ గారు ఉద్యోగినిగా తొలిసారి ఆసీనులయ్యారు. ఆనాడు వారి ముందున్న యంత్రానికి కూడిక తప్ప మరేమీ తెలియదు. వారికి మాత్రం, వరుసలో నిలబడినవారిలో ఎవరు తొందరలో ఉన్నారో, ఎవరు కేవలం నాలుగు మాటల కోసం వచ్చారో, చూడగానే తెలిసేది.

అనంతర కాలంలో పాత దేశం విడిపోయి మనది కొత్త దేశమైంది, నాణేలు మారాయి, కొన్నేళ్ళకు అవి మరొకసారి మారాయి. ప్రతి మార్పులోనూ దుకాణాల యంత్రాలకు కొత్త ధరలు నేర్పవలసి వచ్చినప్పుడు, కార్యాలయం కొబాల్ గారినే పిలిచింది. ఆ విధంగా వారు కౌంటరు నుండి కంప్యూటరు విభాగానికి, అక్కడినుండి పరీక్షా విభాగపు అధిపతి స్థానానికి చేరుకున్నారు. కార్యాలయపు గదిలో కూర్చుని చేసే పరీక్షను వారు పరీక్షగా అంగీకరించేవారు కాదు. నిజమైన దుకాణంలో, నిజమైన రద్దీలో, అలసిన చేతుల కింద నిలిచినదే నిలిచినట్టని వారి విశ్వాసం.

రెండు వేల పంతొమ్మిదిలో, అన్ని దుకాణాల బిల్లింగు యంత్రాలను, గోదామును, సరఫరాదారులను ఒకే సూత్రంతో అనుసంధానించే సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టాలని సంస్థ సంకల్పించింది. అమలు ప్రణాళికా రచన, పరీక్షల నిర్వహణ రెండూ వారికే అప్పగించబడ్డాయి. ఆ వేసవిలో వారు తమ భర్త శ్రీ స్తానే గారిని సైతం పరీక్షా సాధనంగా మార్చిన వైనం మనకందరికీ తెలిసినదే. ఒక ఊరిలో కొన్న బల్బును మరొక ఊరిలో వాపసు ఇస్తే కొత్త సాఫ్ట్‌వేరు గుర్తిస్తుందా అని తెలుసుకునేందుకు ఆయనను రోజంతా తిప్పారు. సాయంత్రం ఆయన కార్యాలయానికే వచ్చి అందరి ముందూ వాపోయారు.

“ఏమేవ్, మూడు ఊళ్ళు తిరిగి అదే బల్బు కొన్నాను, అదే బల్బు వాపసిచ్చాను. ఆ జాలెత్స్ ఊరి కొట్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, ‘తాతా, ఇంట్లో అందరూ బాగున్నారా?’ అని అడిగింది!”

“బాగున్నారని చెప్పారా?”

“మా ఆవిడకే బాగాలేదని చెప్పాను.”

వారితో కలిసి మనం నవ్విన నవ్వులలో ఆ సంవత్సరానికి అదే చివరిది.

ప్రణాళికకు పునాది సరళమైనది. సర్వరు పిలిచినప్పుడు ఏ యంత్రం జవాబిస్తుందో, ఆ యంత్రంలో కొత్త సాఫ్ట్‌వేరు చేరుతుంది. వేసవిలో పిలిచారు, దుకాణాలలోని యంత్రాలన్నీ జవాబిచ్చాయి. ఏదైనా వస్తువు ప్రమాదకరమని తేలితే, ఇకపై దాని అమ్మకాన్ని యంత్రాలే క్షణాలలో ఆపివేస్తాయి గనుక, ప్రతి దుకాణానికీ ఫోను చేసి చెప్పే పాత పద్ధతి అనవసరమని కొబాల్ గారు ప్రణాళికలో లిఖించారు. ఆ వాక్యాన్ని మనమందరం చదివాము, మెచ్చుకున్నాము.

కాని అక్టోబరు చివరి వారంలో, నవంబరు ఒకటిన సమాధులపై దీపాలు వెలిగించే సకల పునీతుల పండుగకు ముందు, మన దుకాణాల ముంగిట గుడారాలు వెలుస్తాయి. చేమంతుల కుండీలను, సమాధి దీపాలను అక్కడే అమ్ముతాము. ఆ గుడారాలలో ఉంచే పాత బిల్లింగు యంత్రాలు మిగిలిన సంవత్సరమంతా గోదాము మూలన, తీగ ఊడదీసి, దుమ్ముగుడ్డ కింద పడి ఉంటాయి. వేసవిలో సర్వరు పిలిచిన వేళ అవి నిద్రలో ఉన్నాయి. వాటిని తలచినవారు లేరు.

పండుగకు రెండు రోజుల ముందు, ఒక రకం దీపం మూత మంటకు అంటుకుంటున్నదనీ, అమ్మకం తక్షణం ఆపవలసిందనీ ఆదేశం వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేరు తన ధర్మాన్ని లోపరహితంగా నెరవేర్చింది. దుకాణాల లోపల ఆ దీపాన్ని ఏ యంత్రమూ అంగీకరించలేదు. లాష్కో ఊరి దుకాణం ముంగిట గుడారంలో మాత్రం, పాత యంత్రం దానిని సాయంత్రం వరకూ అమ్మింది. అక్కడ కొన్న దీపాన్ని శ్రీ ఆల్బిన్ రేజార్ గారు తమ భార్య సమాధిపై వెలిగించి వంగినప్పుడు, వారి కోటు చేతికి మంట అంటుకుంది. కొన్ని వారాల అనంతరం వారు ఆసుపత్రిలో కన్నుమూశారు.

విచారణ నివేదిక త్వరగానే సిద్ధమైంది. పండుగ రోజులకు మాత్రమే పనిలోకి వచ్చే, ఆనాడు ఆ గుడారంలో అమ్మకాలు చూసిన మాయ్దా ఓబ్లాక్ అనే మహిళ, గోడపై అంటించిన హెచ్చరికను చదవక నిర్లక్ష్యం వహించినదని అందులో ఉంది. ఆ నివేదిక సంతకాలు పొందితే ఆమె ఉద్యోగం పోవడమే కాదు, న్యాయస్థానం ముందు దోషిగా నిలవవలసి వచ్చేది. ఆమె కొబాల్ గారి గది గుమ్మంలో నిలబడింది.

“యెల్కక్కా, నేను చేసిన తప్పేంటో మీరే చెప్పండి. దీపం చూపించాను, మిషను కూసింది, బిల్లొచ్చింది, పెద్దాయన చేతిలో పెట్టాను. వద్దని అది అన్లేదు, మనుషులూ అన్లేదు. ఇప్పుడేమో గోడమీది కాయితం చదవలేదంటున్నారు. గుడారానికి గోడెక్కడుందక్కా?”

మరునాటి సమావేశంలో సంస్థ న్యాయవాది మృదువుగానే మాట్లాడారు.

“కొబాల్ గారూ, ఇందులో మీ పేరు ఎక్కడా లేదు. మీరు కాస్త ఊరుకుంటే పనైపోతుంది.”

“లేకపోవడమే తప్పండీ. ఆ మిషన్లని ప్లానులో చేర్చనిది నేను. ఫోన్లు చేయడం మాన్పించింది నేను. మాయ్దా తనకి చెప్పిన పని చేసింది.”

“మీరిలా అంటే బీమావాళ్ళు చిల్లిగవ్వ ఇవ్వరు, తెలుసా?”

“తెలుసు.”

“మీ కుర్చీ?”

“అదీ తెలుసు. రాసుకోండి.”

రాసుకున్నారు. మాయ్దా ఓబ్లాక్ గారిపై అభియోగం తొలగింది. కొబాల్ గారు అధిపతి స్థానం కోల్పోయి, ఒకప్పుడు తామే శిక్షణ ఇచ్చినవారి కింద సాధారణ పరీక్షకురాలిగా నియమితులయ్యారు. నష్టపరిహారం సంస్థే చెల్లించింది; ఆ డిసెంబరులో మనకెవరికీ బోనసు అందలేదు. భోజనశాలలో వారు అడుగుపెడితే, “జరగండర్రా, మన బోనసు మింగినావిడొచ్చింది, సూపైనా మిగులుస్తుందో లేదో!” అన్న మాట వినబడింది. అన్నవారు, నవ్వినవారు, తల దించుకుని తిన్నవారు, అందరూ ఈ సంస్థ పత్రిక పాఠకులలోనే ఉన్నారు. శీతాకాలమంతా వారి బల్ల దగ్గర రెండవ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

నిజం పలికినందుకు వారికి ఉపశమనం కలిగిందని భావించేవారు, కొబాల్ గారు రేజార్ గారి కుమార్తె ఇంటికి వెళ్ళిన రోజును గురించి తెలుసుకోవాలి. దారింకా గారు తలుపు సగమే తీశారు. “నిజం ఒప్పుకున్నారట, విన్నాను. మంచిది. మా నాన్న మాత్రం రాడు,” అని తలుపు వేసుకున్నారు. మనిషి తన తప్పును తనదిగా స్వీకరించడం వేరు, దాని నుండి విముక్తి పొందడం వేరు. మొదటిది మన చేతిలో ఉంది, రెండవది ఎవరి చేతిలో ఉందో తెలియదు. వారు మొదటిదానితోనే ఈ చివరి సంవత్సరాలు గడిపారు. ఏ దుకాణంలో ఏ మార్పు తలపెట్టినా, సర్వరును నమ్ముకోక, స్వయంగా వెళ్ళి గోదాము తలుపులు తీయించి, దుమ్ముగుడ్డలు ఎత్తి చూసేవారు. నేడు మన విభాగంలో పరీక్ష ఆ నడకతోనే ఆరంభమవుతున్నది.

ఈ వ్యాసానికి అనుమతి కోరినప్పుడు వారు ఒకే ఒక షరతు విధించారు. “రేజార్ గారి పేరు రాయండి. రాయలేకపోతే నా గురించీ రాయకండి.” రాశాము.

పదవీ విరమణ వేళ భారాలన్నీ తొలగాలని ఆకాంక్షించడం ఆచారం. శ్రీమతి కొబాల్ గారికి ఆ ఆకాంక్షను సమర్పించే సాహసం మేము చేయము. వారు దానిని స్వీకరించరు. ఏటా నవంబరు మొదటి దినాన లాష్కో సమాధుల తోటలో, దారింకా గారు వెళ్ళిపోయేవరకు దూరాన వేచి, ఆపైన రేజార్ గారి సమాధి వద్దకు ఒంటరిగా నడిచే ఈ సహోద్యోగినికి దృఢమైన ఆరోగ్యం కలగాలని, శ్రీ స్తానే గారి సాహచర్యంలో వారి ఆయుష్షు సుదీర్ఘంగా సాగాలని మనసారా కోరుతున్నాము. ఈ ఏడాది ఆ తోట ద్వారం వద్ద, వారు అనుమతిస్తే, మాలో కొందరం వారికోసం నిలబడి ఉంటాము.