నిలబెట్టిన డబ్బా

రిపేరు షాపులో ఆ అమ్మాయి హార్డ్ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విని, బల్ల మీద పెట్టేసింది. చనిపోయిన తన కూతురి గొంతు ఇక వినపడదని ఆ అమ్మాయి మొహం చూడగానే అతనికి అర్థమైపోయింది.

"ఏమీ మిగల్లేదు బాబాయ్. లోపల తిరిగే పళ్లెం గీసుకుపోయింది."

"నేనే నిలబెట్టానమ్మా. పడుకోబెట్టి ఉంచమని మీ పిన్ని మొత్తుకుంది. బల్ల మీద చోటు చాల్లేదని పుస్తకంలా నిలబెట్టాను. అది పాడైనప్పటి నుంచి నాతో మాటల్లేవు."

"పిన్నికి ఏ పనిలేనివాడు చెప్పాడో గానీ, ఒట్టి మాట. పడుకోబెట్టండి, నిలబెట్టండి, దూలానికి తలకిందులుగా బిగించండి, దానికి అన్నీ ఒకటే. తిరుగుతున్నప్పుడు కదపకూడదు, అంతే. ఎవరైనా చేతిలోకి తీసుకున్నారా?"

అతను బల్ల మీది డబ్బా వైపు చూశాడు.

"బాబాయ్?"

"పాప పాడిన పాటలు పెట్టుకున్నప్పుడల్లా మీ పిన్ని దాన్ని గుండెకు హత్తుకుని ఊపేది. వెచ్చగా ఉంది, లోపల కొట్టుకుంటోంది అనేది."

"రోజూనా?"

"రోజూ."

ఆ అమ్మాయి స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"సాయంత్రం పిన్ని ఫోన్ చేస్తానంది. ఏం చెప్పను?"

"నిలబెట్టడం వల్లే పోయిందని చెప్పు."

"ఇంక జన్మలో మీతో మాట్లాడదు బాబాయ్."

"నన్ను తిట్టుకుంటే ఎప్పటికైనా చల్లారుతుంది. తనను తాను తిట్టుకుంటే చల్లారదమ్మా."

"మరి ఈ డబ్బా? పారేయనా?"

"వద్దు, ఇటివ్వు. ఇక మీ పిన్ని ఎంత ఊపుకున్నా దానికేం కాదు కదా."