ఎడమ చెవి

సినిమా హాలు బయట మెట్లు. ఇంటర్వెల్. భార్యాభర్తల మధ్య ఒక పాప్‌కార్న్ పొట్లం.

"మళ్లీ చెప్పండి. బీరువా మీద కూర్చుని మూడంతస్తుల మెట్లు జారింది ఎవరు?"

"కమెడియన్‌గారు."

"తెర మీద ఆయనే లెండి. నిజంగా జారింది ఎవరు?"

"ఇంకెవరు, ఆయన డూప్. అంటే నేను. ఇరవై రెండేళ్ల నుంచీ ఆయన బదులు పడుతోంది నేనే కదా. తిను, మెత్తబడిపోతుంది."

"మీరు కాదు."

"నేనే."

"బీరువా గోడకి కొట్టుకుని ఆగింది, మనిషి ఎగిరి రంగు డబ్బాల్లో తలకిందులుగా పడ్డాడు. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. నా వెనకాయన నా కుర్చీని తన్ని మరీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు."

"అదే అడుగుదామనుకున్నా. ఎందుకు రాలేదు? బాలేదా?"

"బాగుంది. మీ కంటే బాగుంది."

"నిజంగా? నేనూ అదే..."

"మీరూ అదే?"

"అంటే, నేనూ అదే అనుకున్నా. ఈసారి నా కంటే నేనే బాగా చేశానని."

"చెవి ఏదండీ?"

"ఏ చెవి?"

"ఏ చెవా. పెళ్లయిన కొత్తలో మీరు మేడ మీంచి నీళ్ల తొట్టిలో పడితే నేను హాల్లో కెవ్వుమన్నాను. లైట్లు వేసేశారు. పక్కనే కూర్చుని మీరు నా చెయ్యి గిల్లి, బతికే ఉన్నాను చూడు అంటే గానీ ఊరుకోలేదు. ఆ తర్వాత సినిమా నుంచీ పడే ముందు ఎడమ చెవి తమ్మె ఒకసారి లాగుతున్నారు. ఇది కనపడిందంటే నేను మళ్లీ లేచి నిలబడ్డాననే, ఇక నిశ్చింతగా నవ్వుకో, అన్నది మీరు కాదూ?"

"నేనే."

"అది చూశాకే నేను నవ్వేది. చూశానంటే అందరి కంటే ముందు నవ్వేదీ నేనే. ఇవాళ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. చెవి లాగలేదు."

"విగ్గు అడ్డొచ్చింది."

"ఆయనది బట్టతల. మీకు పెట్టే విగ్గూ బట్టతలదే. చెవులు రెండూ చేటల్లా బయటే ఉన్నాయి."

"మర్చిపోయాను మరి."

"గొడుగు మర్చిపోతారు, క్యారేజీ మర్చిపోతారు. అది మర్చిపోరు. ఇందాక ఈ మెట్టు మీద కూర్చోడానికి అంత తంటాలు పడ్డారేం? మోకాలు చూపించండి."

"ఇక్కడా? జనం ఉన్నారు."

"ప్యాంటు ఎత్తండి."

"ఎత్తినా ఏం కనపడదు. లోపల అరిగిపోయింది. పోయిన ఏడాదే. ఇక దూకొద్దు, ఎగరొద్దు, అసలు గొంతుక్కూర్చోవద్దన్నాడు డాక్టరు."

"ఏడాదిగా నాకు చెప్పలేదు."

"చెబితే కంగారు పడతావని."

"మరి రోజూ పొద్దున్నే ఎక్కడికి తయారయ్యేది?"

"షూటింగ్‌కే. ఫైట్ మాస్టరు నన్ను పంపెయ్యలేదు. పడటం నేర్పమన్నాడు. గడ్డం ఛాతీకి ఆనించడం, ఊపిరి వదిలెయ్యడం, అరచేత్తో కాకుండా భుజంతో..."

"ఎంతమందికి నేర్పారు?"

"ఒక్కరికే."

"ఎవరు?"

"ఉన్నార్లే ఒకరు. మంచి పనిమంతులు."

"మగా, ఆడా?"

"పొట్టకి దూది కట్టి, మీసం అంటించి, బట్టతల తగిలించాక మగేంటి, ఆడేంటి."

"ఏవండీ."

"ఊఁ."

"ఆ మధ్య మన అమ్మాయి మోచెయ్యి కమిలింది, గుర్తుందా?"

"కంప్యూటర్ క్లాసులో మెట్ల మీద జారిందిగా."

"ఆ క్లాసు జరిగేది కింది గదిలో. అక్కడ మెట్లే లేవు."

"గుమ్మమేమో."

"జుట్టులో ఎర్ర రంగు కూడా ఉంది. కంప్యూటర్ లోంచి కారిందా?"

"పాప్‌కార్న్..."

"అవతల పెట్టండి దాన్ని. మూడు పక్కటెముకలు విరిగి మంచాన పడ్డప్పుడు నాకేం మాటిచ్చారు?"

"పిల్లని ఆ స్టూడియో గేటు లోపల అడుగు పెట్టనివ్వనని."

"మరి?"

"నేను తీసుకెళ్లలేదు. మర్చిపోయిన క్యారేజీ ఇవ్వడానికి అదే వచ్చింది. ఆ రోజు నా బదులు వచ్చినతను బీరువా మీంచి పదకొండు సార్లు పడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. ఇది కాసేపు చూసి, నాన్నా, ఆయన పడబోతున్నానని ముందే తెలిసినవాడిలా కూర్చున్నాడు, అంది. నాకు పదేళ్లు పట్టిందే ఆ ముక్క తెలియడానికి. అప్పుడే అనుకున్నా, ఇక దీన్ని ఆపలేనని. నాకు భయం వేసింది. గర్వంగానూ ఉంది, అబద్ధమెందుకు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ఇవాళ తీసుకొచ్చా. అది పడటం చూసి నువ్వు నవ్వితే ఇంటర్వెల్‌లో చెప్పేద్దామని. నవ్వకపోతే మానిపించేద్దామని. రేపు కొత్త సినిమా మొదలు. నువ్వు నవ్వలేదు. వద్దంటే చెప్పు, రేపు దాన్ని పంపను."

"అన్నీ నేర్పినవారు చెవి ఎందుకు నేర్పలేదు?"

"అది పని కాదు కదే. మనిద్దరిదీ. దాని కోసం కూడా ఒకరు హాల్లో ఊపిరి బిగబట్టుకుంటారని తట్టలేదు. తప్పే."

"గంట కొట్టారు. లేవండి."

"ఇంటికా?"

"లోపలికి."

"సెకండాఫ్‌లో ఇంకో రెండుసార్లు పడుతుంది. గడియారం స్తంభం మీంచి ఒకటి. చూడలేవేమో."

"అవి ఎప్పుడు తీశారు?"

"ఇందాకటి దానికి నెల తర్వాత. అప్పటికి బాగా ముదిరిపోయింది. పడే ముందు ప్రతిసారీ కుడి చెవి లాక్కోవడం మొదలెట్టింది. నన్ను వెక్కిరిస్తోందనుకుని తిట్టాను. పైగా చెవి కూడా తప్పు. ఎంత చెప్పినా మానలేదు."

"మానదు."

"నీకెలా తెలుసు?"

"ఒకరోజు నా పక్కన చేరి, అమ్మా, నాన్న పడే ముందు నీకేదో సైగ చేస్తాడటగా, ఏంటది, అని అడిగింది. మోచేతికి కట్టుంది. ఎందుకే అని నేను అడగలేదు, అదీ చెప్పలేదు."

"తెలిసే ఇంతసేపు నన్ను పిండావా?"

"మీ నోటితో వినాలని. రండి, మెల్లగా, మోకాలు జాగ్రత్త. ఎడమది మీ నాన్నది, నువ్వు కుడిది లాగు అని దానికి చెప్పింది నేనే."